మరాఠీ ఫోన్, పచ్చ టిక్కు

గద్వాల,
ఆగస్టు 17, 2025, ఆదివారం.

చి. తేజస్వినికి, మీ మామ శివశంకర్ ఆశీస్సులు.

ఉత్తరం మొదట్లో ఇక్కడ అందరం క్షేమమని రాయాలి. నేను చూసినంత మేరకే రాస్తాను. మీ అమ్మ యమున బాగుంది. మొన్న మానవపాడు వెళ్లి చూసి వచ్చాను. సీడ్ పత్తి క్రాసింగ్ నడుస్తోంది. సాయంత్రం మొగ్గలు వలవడం, పొద్దున పుప్పొడి అద్దడం, మధ్యలో కూలీలకు ఫోన్లు. మీ నాన్న రామన్న మోకాలి నొప్పి తగ్గిందని చెప్పాడు. నడక చూస్తే తగ్గినట్టు లేదు. జూరాల గేట్లు తెరిచారు, చూసేవాళ్లతో రోడ్డు నిండిపోయింది. మీ అమ్మ పంపిన మామిడికాయ తొక్కు సీసా నా దగ్గర మూత తీయకుండానే ఉంది. ఆమెకు చెప్పకు. బండి అమ్మేశాను. బస్సుల్లోనే తిరుగుతున్నాను.

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి రాస్తున్నాను. వనపర్తి ఎంత దూరం, బస్సెక్కి మీ ఆఫీసు మెట్లెక్కవచ్చు. కానీ నాలాంటి విలేకరి వచ్చి నిన్ను అడిగాడంటే ఆ రోజు నుంచి నీ కుర్చీ వేరే చోట ఉంటుంది. అందుకని రాలేదు. ఈ కవరు రేపు అటు వస్తున్న మా పత్రిక ఏజెంటు చేతికిస్తున్నాను. అతనికి ఇందులో ఏముందో తెలియదు.

ఫోన్‌లో నీకు ముక్కలు ముక్కలుగా చెప్పాను. నువ్వు మధ్యలోనే పెట్టేశావు. మొదటి నుంచి వరసగా రాస్తాను, ఒకసారి పూర్తిగా చదువు.

గద్వాలలో ట్రస్టు వాళ్ల డయాలసిస్ సెంటర్ ఉంది కదా. మిషన్లు తక్కువ, మనుషులు ఎక్కువ. ఖాయం వంతు ఉన్న పేషెంటు కూడా ముందు రోజు ఫోన్‌లో పేజీ తెరిచి, తేదీ ఎంచుకుని, వస్తున్నానని నొక్కాలి. నొక్కకపోతే ఆ వంతు వెయిటింగ్‌లో ఉన్నవాళ్లకు పోతుంది. మూడుసార్లు నొక్కకపోతే ఖాయం వంతే పోతుంది. ఇంతకుముందు ఫోన్ చేసి చెబితే సరిపోయేది. జూలైలో ఆ పద్ధతి తీసేసి మీ కంపెనీ చేసిన పేజీ పెట్టారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు సెంటర్లకూ అదే పేజీ.

ఈ నెల మొదట్లో ఒక రోజు నేను ఆ సెంటర్‌లో, లోపలి హాల్లో ఉన్నాను. అద్దం తలుపు అవతల గొడవ వినిపించింది. వెంటనే లేచి రాలేకపోయాను. అందుకని ముందు మాటలే విన్నాను, మనుషులను తర్వాత చూశాను.

రిసెప్షన్‌లో ఉండే మనీషా గొంతు నాకు తెలుసు. ఆమె అంటున్నది ఇది: "ఈడ పేరు లేదు. నువ్వు నొక్కలే."

ఇంకో ఆడమనిషి గొంతు: "నొక్కిన మేడం. గీ ఫోన్లనే, గీ ఏలితోనే నొక్కిన. పచ్చ టిక్కు గూడ పడ్డది."

"పడితే ఈడికి రావాలె గద! మొన్న గూడ గిట్లనే అంటివి. ఆయన వంతు వేరేటోళ్లకు పోయింది, మిషన్ ఎక్కిండ్రు గూడ. నేనేం జెయ్యాలె?"

"జర లోపల అడుగు మేడం. మనిషికి ఊపిరాడుతలేదు."

అక్కడ కూర్చున్న వాళ్లలో ఎవరో ఒకాయన నవ్వుతూ అన్నాడు: "ఫోన్ పూనాది గదనే ధనలక్ష్మీ, బుకింగ్ గూడ సీదా పూనాకే పోయి ఉంటది."

నలుగురు నవ్వారు. నేనూ లోపల నవ్వాననుకుంటాను.

నేను బయటికి వచ్చేసరికి ఆ మొగుడూ పెళ్లాలు ఇంకా మెట్ల మీదే ఉన్నారు. ఆయన పేరు యేసయ్య, మీ మానవపాడు మండలం మనిషే. మీ అమ్మ వాళ్ల చేనులోకి క్రాసింగ్ పనికి వాళ్ల వాడ నుంచి కూలీలు వస్తారట. ఏళ్ల తరబడి పుణెలో బిల్డింగు పనులు చేసి, కిడ్నీలు పోయాక ఊరికొచ్చాడు. మొహం, కాళ్లు వాచి ఉన్నాయి. విలేకరినని చెప్పాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, "రాస్తవా సార్? రాయి. నీళ్లు తాగకుండనే నిండిన ట్యాంకి ఒకటున్నదని రాయి" అన్నాడు. ధనలక్ష్మి ఆయన్ను తిట్టింది. ఆ తర్వాత ఆయన్ను ఆటోలో కర్నూలు తీసుకుపోయారు. అక్కడి దవాఖానలో ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని చేర్చుకున్నారు. ఈ రోజుకీ అక్కడే ఉన్నాడు.

ఆటో వచ్చేలోపు ఆ మెట్ల మీదే ధనలక్ష్మి నాకు ఫోన్ చూపించింది. పేజీ తెరిచి, రేపటి తేదీ ఎలా నొక్కుతుందో నొక్కి చూపించింది. పచ్చ టిక్కు పడింది. మనీషాను బతిమాలి లోపలి కంప్యూటర్‌లో చూడమన్నాను. అక్కడ ఏమీ రాలేదు. మనీషా నా వైపు చూసి, "సిగ్నల్ లేదేమో సార్" అంది. అదే మెట్ల మీద నిలబడి నా ఫోన్‌లో నేను నొక్కితే వచ్చింది.

అంటే ఆమె నొక్కలేదన్నది అబద్ధం. ఆ ఒక్కటి నాకు అప్పుడే రూఢి అయింది. ఎందుకు పోవడం లేదన్నది తెలియదు.

నాగర్‌కర్నూల్ సెంటర్‌లోనూ ఇలాంటి ఫిర్యాదు ఒకటి ఉందని మనీషాయే చెప్పింది. తిమ్మాజిపేట హన్మమ్మ. వెళ్లాను. ఫోన్ కంపెనీ వేరు, సిమ్ వేరు, ఊరు వేరు. ఒక్కటీ కలవలేదు. ఆమెది ఇంకా ఖాయం వంతు పోలేదు, కోడలు వెంటపడి కొట్లాడి నెట్టుకొస్తోంది. ఫోన్ చూపించమంటే హన్మమ్మ కొంగుముడి విప్పి ఇచ్చింది. "ఇది నాది గాదు నాయనా, మా విజయ్‌ది. భివండిల పని జేస్తడు, కొత్తది కొనుక్కొని పాతది నాకు పంపిండు. గది మరాఠీల మాట్లాడుతది, నేను తెలుగుల తిడత" అంది.

అప్పుడు నాకు ఆ రోజు నవ్విన మాట గుర్తొచ్చింది. పూనా ఫోన్.

కర్నూలు దవాఖానకు పోయి ధనలక్ష్మి ఫోన్ మళ్లీ చూశాను. తేదీ ఉన్నచోట అంకెలు మనం రోజూ చూసేవి కావు, మరాఠీ అంకెలు. తెలుగు పెట్టుకోకూడదా అని అడిగాను. "నాకు తెలుగు సదువొస్తె గద అన్నా. నేను పుట్టిందే పూనా కాడ సైటు మీద. పిల్లలకు గాడ షెడ్డుల బడి పెట్టిరి, మరాఠీల. అక్షరాలంటె నాకు గవే. మన పేజీల తెలుగు నేను సదవ. టిక్కు సూస్త, రంగు సూస్త" అంది. మంచం మీద యేసయ్య కళ్లు మూసుకునే ఉండి, "మా ఇంట్ల సదువుకున్నది ఆమె ఒక్కతే సార్. గదే తప్పయింది" అన్నాడు.

మన పాలమూరు నుంచి ముంబైకి, పుణెకు పోయిన కుటుంబాలు ఎన్నో నీకు చెప్పక్కర్లేదు. వాళ్లు తిరిగొచ్చేటప్పుడు ఫోన్లు తెచ్చుకుంటారు. భాష మార్చరు. మార్చాల్సిన అవసరం ఎవరికీ రాలేదు, మీ పేజీ వచ్చేదాకా.

ఇక్కడి వరకు నా పని. ఇక్కడి నుంచి నువ్వు చెప్పిందే నీకు తిరిగి రాస్తున్నాను. తప్పుగా అర్థం చేసుకుంటే దిద్దు.

మీ ఆఫీసులో పేజీని మనుషులే కాకుండా ఒక ప్రోగ్రాం కూడా పరీక్షిస్తుంది. దాన్ని చూసుకునేది నువ్వే. అదే పేజీ తెరుస్తుంది, అదే నొక్కుతుంది, తెర మీద టిక్కు వచ్చిందో లేదో చూస్తుంది. మధ్యలో పేజీ లోపల ఎక్కడైనా ఎర్రర్ లేచి, దాన్ని పేజీయే పట్టుకుని సర్దుకోలేకపోతే, పరీక్ష అక్కడే ఆగి ఎర్రగా చూపిస్తుంది. ఆగాలి కూడా, దాని పనే అది. అయితే ఈ పేజీలో సెంటర్ దారి చూపించే మ్యాప్ ఒకటి ఉంది. అది బయటి నుంచి తెచ్చి పెట్టింది. మీ పరీక్షల మిషన్‌లో అది ఊరికే ఎర్రర్ వేసేది. పేషెంటుకు దానివల్ల నష్టం లేదు. కానీ రోజూ పరీక్షలు ఎర్రబడేవి, రోజూ నిన్ను అడిగేవాళ్లు. చివరికి అందులో ఒక లైన్ రాశావు: ఏ ఎర్రర్ లేచినా సరే, పరీక్ష ఫెయిల్ చేయొద్దు. ఆ రోజు నుంచి అంతా పచ్చ.

మ్యాప్ ఎర్రర్‌ను దాని మాటలను బట్టి గుర్తుపట్టి దాన్నొక్కదాన్నే వదిలేసి ఉండవచ్చని నువ్వే అన్నావు. ఇంకో నాలుగు లైన్ల పని అన్నావు. ఆ వారం టైం లేదన్నావు. నేను దాన్ని తప్పు పట్టడానికి రాయడం లేదు. మా డెస్కులో కూడా టైం లేని వారాలుంటాయి.

మరాఠీ అంకెల సంగతి చెప్పగానే నువ్వు కంప్యూటర్ తెరిచావు. పరీక్షను మరాఠీ భాషలో నడిపించావు. పచ్చ వచ్చింది. ఆ లైన్ తీసేసి మళ్లీ నడిపించావు. నీ గొంతు నాకు ఇంకా గుర్తుంది. "మామా, ఎర్ర పడింది" అన్నావు. ఆ ఎర్రర్ చదివి చెప్పావు. ఫోన్ భాషలో ఉన్న తేదీని పేజీ చదవబోయి, అది తేదీయే కాదనుకుని కూలబడుతుంది. కానీ సిగ్నల్ తక్కువున్న ఊళ్లలో జనం ఎదురుచూడకూడదని టిక్కు ముందే చూపించేస్తుంది. ఆ తర్వాతే సెంటర్‌కు పంపాలి. పంపేలోపే ఎర్రర్. కాబట్టి ధనలక్ష్మికి పచ్చ టిక్కు, మనీషా కంప్యూటర్‌లో ఖాళీ. ఇద్దరూ చూసిందే చెప్పారు.

నువ్వు మీ టీం లీడ్ శ్రవణ్ కుమార్‌కు చెప్పావు. అతను ఏమన్నాడో ఆ సాయంత్రం నాకు నువ్వే చెప్పావు: "టెస్టులన్నీ పచ్చగున్నయ్ గద, ఆ లైన్ మళ్ల పెట్టు. యూజర్ తప్పు నొక్కిండని రాసెయ్యి. దసరా తర్వాత కొత్త వర్షన్ల సర్దుదాం." అతను చెడ్డవాడని నేను అనడం లేదు. ట్రస్టు వాళ్లు ఇంకో పని ఇవ్వబోతున్నారని, ఇప్పుడు లోపం బయటపడితే అది పోతుందని నువ్వే చెప్పావు. అదీ నిజమే అయి ఉంటుంది.

ఆ లైన్ మళ్లీ పెట్టావా అని అడిగాను. నువ్వు "నీకు న్యూస్, నాకు నౌకరి మామా. రెండూ ఒకటి గాదు" అని ఫోన్ పెట్టేశావు. అప్పటి నుంచి ఎత్తలేదు.

కోపంతో అన్నావని అనుకోవడం లేదు. భయంతో అన్నావు. ఆ ఉద్యోగం కోసం నువ్వు ఎంత తిరిగావో నాకు తెలుసు. హైదరాబాద్ వద్దని, ఇంటికి దగ్గరగా ఉంటానని పట్టుబట్టింది కూడా నువ్వే. వనపర్తిలో అలాంటి ఆఫీసు ఇంకోటి లేదు.

ఇప్పుడు ఉన్న విషయం రాస్తాను. వచ్చే బుధవారం పొద్దున గద్వాల సెంటర్ కమిటీ కూర్చుంటుంది. మూడుసార్లు నొక్కని వాళ్ల పేర్లు తీసేస్తారు. యేసయ్యవి మూడూ అయిపోయాయి. ఆయన దవాఖాన నుంచి వచ్చేసరికి వంతు ఉండదు. వెయిటింగ్‌లో చివరికి పోతాడు. ఆ చివర నుంచి ముందుకు రావడానికి పట్టే కాలం ఆయన ఒంట్లో లేదని కర్నూలు డాక్టరమ్మ నాతో అంది. ఆమె మెత్తగా చెప్పింది, నేను ఉన్నట్టు రాశాను.

నేను కమిటీ పెద్దమనిషిని కలిశాను. మరాఠీ అంకెలు, పచ్చ టిక్కు అన్నీ చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. "మీరు చెప్పేది మీరు చెబుతుండ్రు. కంపెనీ వాళ్లు అంతా మంచిగున్నదని చెబుతుండ్రు. వాళ్ల టెస్టులల్ల ఒక్కటి గూడ ఫెయిల్ లేదంట. నేను ఎవరి మాట వినాలె?" అన్నాడు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అడిగేవాణ్ని. ధనలక్ష్మి తన ఫోన్‌లో నొక్కి చూపిస్తానంది. అప్పుడూ సిగ్నల్ లేదనే అంటారని ఆమెకే తెలుసు.

కాబట్టి ఆ పరీక్ష ఎర్రగా చూపించాలి, చూపించేది మీ కంపెనీ వైపు నుంచే రావాలి. ఆ లైన్ తీసి, మ్యాప్ ఎర్రర్‌ను మాత్రమే వదిలి, మరాఠీలో నడిపించి, వచ్చింది వచ్చినట్టు కమిటీకి పంపు. మరాఠీ పెట్టిన ఫోన్లలో పేజీ టిక్కు చూపించి వంతు పంపడం లేదు, ఇది పేషెంటు తప్పు కాదు అని రెండు వాక్యాలు చాలు. శ్రవణ్ కుమార్‌కు ముందు చెప్పి పంపు. వెనక నుంచి పంపితే అది ఇంకో గొడవ అవుతుంది.

నీకు ఇంకొకటి గుర్తుండే ఉంటుంది. నువ్వు ఇంటర్‌లో ఉన్నప్పుడు మీ నాన్న సీడ్ పత్తి విత్తనం కంపెనీ టెస్టులో ఫెయిలయింది. మొత్తం లాటు వెనక్కి వచ్చింది. మీ నాన్న గొప్పగా ఏమీ మాట్లాడలేదు. సీడ్ కంపెనీ ఏజెంటును వారమంతా బూతులు తిట్టాడు, అన్నం పళ్లెం విసిరేశాడు, నా మీద కూడా అరిచాడు. కానీ పాసయినట్టు రాయమని ఏజెంటును అడగలేదు. ఏజెంటే వచ్చి, ఏదన్నా చూద్దాం రామన్నా అన్నప్పుడు, "ఎవని చేన్లనో మొలిచినంక చూస్తవా?" అన్నాడు. అప్పుడు నువ్వు గడపలో నిలబడి ఉన్నావు.

నేను ఎప్పుడూ నీకు ఇది చెయ్యి అని చెప్పిన మామను కాదు. చదువు విషయంలోనూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. ఒకవేళ ఉద్యోగం పోతే మీ అమ్మకు నేను సమాధానం చెబుతాను.

వార్త సంగతి. ఇది నేను రాయడం లేదు. వివరాలన్నీ మా వనపర్తి విలేకరి అరుణ్‌కు ఇచ్చేశాను. కంపెనీ మాట, సెంటర్ మాట తనే విడిగా తీసుకుంటాడు. నీ పేరు అతనికి చెప్పలేదు. ఇన్నేళ్లలో నా చేతిలో ఉన్న వార్తను ఇంకొకరికి ఇవ్వడం ఇదే మొదలు. ఎందుకని అరుణ్ అడిగాడు. చెప్పలేదు.

ఒంట్లో జాగ్రత్త. ఆఫీసు కింద ఆ మిర్చి బజ్జీల బండి దగ్గరే రాత్రి భోజనం కానిచ్చేస్తున్నావని మీ అమ్మ బాధ. క్రాసింగ్ పని అయిపోయాక ఒకసారి ఇంటికి పోయి రా.

మీ మామ,
శివశంకర్

తా.క. సెంటర్‌లో లోపల ఉన్నానని, వెంటనే లేచి రాలేకపోయానని రాశాను. వార్త కోసం వెళ్లలేదు. మిషన్ మీద ఉన్నాను. వేసవి నుంచి నాకూ డయాలసిస్ జరుగుతోంది. ఖాయం వంతు లేదు. ఎక్కువగా కర్నూలులో, ఇక్కడ ఎవరైనా రాని రోజు గద్వాలలో. తొక్కు సీసా మూత తీయనిదీ, బండి అమ్మిందీ అందుకే. మీ అమ్మకు పత్తి పని అయ్యాక నేనే చెబుతాను, నువ్వు చెప్పకు.

ఆ రోజు పొద్దున మనీషా ఫోన్ చేసి, ఒక పేషెంటు నొక్కలేదు, వస్తారా సార్ అంది. వెళ్లాను. అది యేసయ్య వంతు. బయట ధనలక్ష్మి బతిమాలుతున్నప్పుడు ఆయన ఎక్కాల్సిన మిషన్ మీద ఉన్నది నేనే. బుధవారం ఆయన పేరు తీసేస్తే ఆ ఖాయం వంతు వెయిటింగ్‌లో మొదటి పేరుకు వస్తుంది. మొదటి పేరు నాది.

ఈ ముక్క రాయకుండానే కవరు అంటిద్దామనుకున్నాను. కానీ తర్వాత తెలిస్తే, ఇది తెలిసి ఉంటే పంపేదాన్నా కాదా అని నువ్వు జీవితమంతా ఆలోచిస్తావు. అందుకని ఇప్పుడే రాశాను. ఇది చదివాక కూడా పైన రాసినట్టే చెయ్యి.

నా ఫోన్ ఇంగ్లీషులో ఉంది. నేను నొక్కిన ప్రతిసారీ నా పేరు అక్కడికి చేరింది.